పెద్దమ్మ 3310కి రింగ్‌టోన్ కొట్టిన కథ

మా పెద్దమ్మ ఉండేది తెనాలిలో. ఆవిడ ఫోన్ నోకియా 3310. 2017లో రంగులేసి మళ్లీ వదిలారే, అది కాదు, అసలుది, 2000లో వచ్చిన ఇటుకరాయి. పెదనాన్నది అది. బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు సెల్‌వన్ పేరుతో సిమ్‌లు ఇవ్వడం మొదలెట్టిన కొత్తలో ఆయన క్యూలో నిలబడి తెచ్చుకున్న నంబరు. ఆయన పోయాక ఫోనూ నంబరూ రెండూ పెద్దమ్మకే వచ్చాయి. మేం కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ ఒకటుంది, అందులో వాట్సాప్ చూస్తుంది, పచ్చళ్ల వీడియోలు చూస్తుంది, వాటిని తిడుతుంది కూడా, కానీ "ఫోన్" అంటే మాత్రం ఆవిడ లెక్కలో 3310 ఒక్కటే.

మొన్న దసరాకి వెళ్తే కంప్లైంట్ పెట్టింది. సాయంత్రం పూట విష్ణు సహస్రనామ పారాయణానికి వెళ్తుందంట, అక్కడ పది పన్నెండు మంది ఆడవాళ్లు, అందులో సగం మంది దగ్గర కీప్యాడ్ ఫోన్లే, అన్నిటికీ అదే నోకియా ట్యూన్, ఒకరికి మోగితే అందరూ సంచులు వెతుక్కోవడం. "నిన్న మధ్యలో మోగింది రా, ఆరుగురం ఒకేసారి లేచాం, చూస్తే అది పంతులుగారిది" అంది. నాది నాకు తెలిసేట్టు ఏదైనా పాట పెట్టిపో అని ఆర్డరు.

దాందేముంది పెద్దమ్మా పది నిమిషాలు అన్నా. నాకలా నోరు జారడం అలవాటే.

ఎందుకన్నానంటే అంతకుముందు నెలే మా బాబాయికి చేసిపెట్టా. ఆయనది మెమొరీ కార్డు పట్టే కీప్యాడ్ ఫోన్, దానికి నిజంగానే పది నిమిషాలే పట్టింది. కంప్యూటర్లో ఆడాసిటీ అనే, పాటలు కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి, పాటలో కావాల్సిన ముక్క 25 సెకన్లు సెలెక్ట్ చేసి, మిగతాది లేపేసి, ఎంపీ3గా సేవ్ చేసి కార్డులో పడేస్తే అయిపోయింది. అందులో నేను నేర్చుకున్నది రెండే ముక్కలు. ఒకటి, ఈ చిన్న స్పీకర్లలో తబలా, బేసు ఏవీ పలకవు, ఉత్త బర్రుమంటాయి, అందుకని హై పాస్ ఫిల్టర్ పెట్టి 300 హెర్ట్జ్ కిందున్నదంతా తీసేస్తే గొంతు, ఫ్లూటు శుభ్రంగా వినపడతాయి. రెండు, పాట మొదట్నించి కట్ చేయకూడదు, చాలా పాటలు మెల్లగా మొదలవుతాయి, అవతలాడు కట్ చేసే టైమ్‌కి మనకి ఇంకా గాలి సౌండే వస్తుంటుంది. ఒక్క తిరకాసేంటంటే కార్డు తీస్తే రింగ్‌టోన్ పోతుంది, మళ్లీ కంపెనీ టోనే మోగుతుంది, బాబాయి వారానికోసారి కార్డు తీసి టీవీకి పెడతాడు కాబట్టి వారానికోసారి నాకు ఫోన్.

అదే ధీమాతో 3310 చేతిలోకి తీసుకున్నా. తిప్పి చూశా. కార్డు పెట్టే చోటు లేదు. బ్లూటూత్ లేదు. బయట కేబుల్ పెట్టే పిన్ను అసలే లేదు, కింద ఉన్న బొక్క చార్జర్‌ది. ఎంపీ3 సంగతి దేవుడెరుగు, ఒకేసారి రెండు స్వరాలు పలికించడం కూడా ఈ ఫోన్ వల్ల కాదు, లోపలున్నది బజరు, ఒక టైమ్‌లో ఒకటే కూత. దీన్నే మోనోఫోనిక్ అనేవాళ్లం అప్పట్లో, తర్వాత పాలీఫోనిక్ వచ్చినప్పుడు ఊళ్లో పెళ్లయినంత హడావిడి చేశాం.

అప్పుడు గుర్తొచ్చింది, మేం డిగ్రీ చదివేటప్పుడు ఇందులో పాటలు ఎలా ఎక్కించేవాళ్లమో. రెండే దారులు. ఒకటి ఎస్సెమ్మెస్, పేపర్లో ప్రకటన ఉండేది, పాట పక్కన కోడు, ఆ కోడు ఫలానా నంబరుకి పంపితే ట్యూన్ మెసేజిలా వచ్చేది, బ్యాలెన్సు కోసుకునేది. డబ్బులున్న వాడి పని అది. రెండోది కంపోజర్. టోన్స్ మెనూలోకి వెళ్తే కంపోజర్ అని ఉంటుంది, అందులో ఒక్కో స్వరం మనమే బటన్లు నొక్కి కొట్టుకోవాలి. హాస్టల్లో ఒకడి దగ్గర లాంగ్ నోట్‌బుక్ ఉండేది, దాన్నిండా అంకెలూ చుక్కలూ హ్యాష్‌లే, పరీక్ష ముందు కూడా ఎవడూ రికార్డు అంత శ్రద్ధగా కాపీ కొట్టలేదు. ఆ కోడ్లలో ఒక్క అంకె తప్పు రాసుకున్నా పాట కుంటేది, ఎక్కడ కుంటిందో మాకు తెలిసేది కాదు, ఎందుకంటే ఆ అంకెలంటే ఏంటో మాలో ఒక్కడికీ తెలీదు. ఊరికే నొక్కడమే.

సరే, ఎస్సెమ్మెస్ దారి మూసుకుపోయి చాలా ఏళ్లయింది, ఇక కంపోజరే.

ముందు బ్యాటరీ కథ చెప్పాలి. ఫోన్ చార్జింగ్ గంట కూడా ఆగట్లేదు, సగం నొక్కుతుండగా ఆగిపోతే చచ్చాం కదా అని హైదరాబాద్ తిరిగొచ్చాక జగదీష్ మార్కెట్‌కి వెళ్లి 3310 బ్యాటరీ కావాలన్నా. కౌంటర్లో కుర్రాడు నా మొహం ఒకసారి, చేతిలో ఫోన్ ఒకసారి చూసి "అన్నా, మ్యూజియం కోసమా" అన్నాడు. నాలుగు షాపులు తిరిగితే దొరికింది, కంపెనీది కాదు, పేరు లేని సరుకు, కొంచెం వదులుగా ఉంది. ఆ వదులు ఏం చేసిందో తర్వాత చెప్తా.

దీపావళికి మళ్లీ తెనాలి. ఈసారి ప్రిపేర్ అయ్యి వెళ్లా. పెద్దమ్మకి ఇష్టమైన ఒక పాత సినిమా పాట పల్లవి తీసుకుని, స్మార్ట్‌ఫోన్లో ఒక యాప్‌కి వినిపిస్తే అది స్వరాలు రాసిస్తుందన్నారు, రాసిచ్చింది, వాటిని ఆర్‌టీటీటీఎల్ అనే పద్ధతిలో పెట్టుకున్నా. పేరు చూసి భయపడక్కర్లేదు, నోకియా వాళ్లు పెట్టిన పాత పద్ధతే, ముందు పాట పేరు, తర్వాత స్వరం నిడివి ఎంత, ఏ స్థాయి, వేగం ఎంత అని మూడు అంకెలు, ఆపైన స్వరాలు కామాలు పెట్టి వరసగా, అంతే. దాన్ని చూసుకుంటూ అరుగు మీద కూర్చుని గంటసేపు నొక్కా.

ప్లే కొట్టా. పెద్దమ్మ వంటింట్లోంచి "ఎవరికేమైందిరా" అంటూ వచ్చింది. అంబులెన్స్ అనుకుందంట.

నా తప్పూ కాదు, ఫోన్ తప్పూ కాదు. సినిమా పాటలో మనం విని గుర్తుపట్టేది ఉత్త స్వరాలని కాదు కదా, ఆ పాడినాయన గొంతు జారడం, వెనక వయొలిన్లు, మాట విరుపు, ఇవన్నీ తీసేసి అస్థిపంజరం మోగిస్తే ఇంట్లోవాళ్లు కూడా పోల్చుకోలేరు. పైగా ఆ యాప్ గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, ఉన్న చోటల్లా ఒక స్వరాన్ని నాలుగు ముక్కలు చేసి రాసింది. కంపోజర్లో 50 స్వరాలకి మించి పట్టవు. అందులో ఇరవై ఈ ముక్కలకే పోయాయి, పల్లవి మొదటి లైన్ దాటలేదు.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుంది. "ఏది, ఏం నొక్కుతున్నావు చూపించు" అంది. చూపించా. 1 నొక్కితే సి వస్తుంది, 2 నొక్కితే డి, 3 ఈ, అలా 7 నొక్కితే బి అని చెప్తున్నా, ఆవిడ వినట్లేదు, ఫోన్ లాక్కుని 1 నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత 2. తర్వాత 3. 4 దగ్గరకొచ్చేసరికి నోట్లో మొదలైపోయింది. 7 అయ్యాక ఆగి "పై సా ఎక్కడుందిరా" అంది.

నాకు అప్పటిదాకా తట్టలేదు, ఒట్టు. ఇరవయ్యేళ్ల కింద ఆ లాంగ్ నోట్‌బుక్‌లో కాపీ కొట్టినవన్నీ సరిగమలే. 1 అంటే స, 2 అంటే రి, 3 గ, 4 మ, 5 ప, 6 ద, 7 ని. ఏ # జోలికీ పోకుండా ఒకటి నుంచి ఏడు దాకా నొక్కితే అచ్చం శంకరాభరణం రాగం. మోహన రాగం కావాలంటే 4, 7 ముట్టుకోకపోతే చాలు, 1 2 3 5 6 తో పనైపోతుంది. పెద్దమ్మ పెళ్లికి ముందు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది, వర్ణాల దాకా వచ్చి పెళ్లయి ఆగిపోయింది, ఆ సంగతి మాకు తెలుసు గానీ ఆ నాలుగేళ్లూ ఆవిడలో ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయని తెలీదు.

పై సా కి నక్షత్రం గుర్తు నొక్కాలని చూపించా. స్క్రీన్ మీద స్వరం చివర 1, 2, 3 అని మారుతుంది. "మంద్రం, మధ్యం, తారం, మూడు స్థాయిలు పెట్టాడే" అని తెగ మెచ్చుకుంది నోకియా వాణ్ణి. నిజానికి వాడు ఆ ఉద్దేశంతో పెట్టలేదనుకోండి, కానీ ఆవిడ చెప్పిందే నాకు ఈజీగా ఉంది. కాకపోతే ఆ నక్షత్రం ఒక్కవైపే తిరుగుతుంది, 1 నుంచి 2, 2 నుంచి 3, 3 నుంచి మళ్లీ 1. అంటే తారస్థాయి నుంచి మధ్యస్థాయికి దిగాలంటే రెండుసార్లు నొక్కాలి, ఒకసారి పాతాళంలోకి పడి మళ్లీ పైకి తేలినట్టు.

అక్కడే సరదాకి 1 1 5 5 6 6 5, 4 4 3 3 2 2 1 అని కొట్టి వినిపించా, ట్వింకిల్ ట్వింకిల్, పిల్లల ఇంగ్లీషు రైమ్ అది, అందరికీ తెలిసిందే. ఆవిడ "శ్యామలే మీనాక్షి" అని సంస్కృతంలో అందుకుంది. నేను బిత్తరపోయా. ముత్తుస్వామి దీక్షితులు గారు తెల్లవాళ్ల బ్యాండు మేళం విని ఆ వరసలకే సాహిత్యం కట్టారు, నోట్టు స్వరాలంటారు వాటిని, గమకాలుండవు, అన్నీ శంకరాభరణం స్వరాలే. ఈ ఫోన్ కోసమే కట్టినట్టున్నాయి అన్నా. "ఫోన్ కోసం కాదుగానీ నీలాంటి వాళ్ల కోసం" అంది.

నాకు అక్కడ ఒక విషయం క్లియర్ అయింది. ఒకసారి ఒక స్వరమే పలుకుతుందని మనం ఈ ఫోన్‌ని చులకన చేస్తాం గానీ, మన సంగీతం నడిచేదే ఒక్క స్వరం వెంట ఒక్క స్వరం, ఇంగ్లీషు వాళ్లలా మూడు నాలుగు కలిపి కొట్టే పద్ధతి మనకి లేదు. కాబట్టి బజర్‌తో మనకి పెద్ద పేచీ లేదు. పేచీ గమకంతోనే. ఈ ఫోన్ స్వరాన్ని ఊపలేదు, జార్చలేదు, మెట్టు ఎక్కినట్టు టకటకా ఎక్కుతుంది, అందుకే తోడి రాగం లాంటిది ఇందులో కొడితే తోడి చచ్చిపోతుంది. మనకి కావాల్సింది గమకం లేకపోయినా నిలబడేది. అంటే పిల్లలు మొదట నేర్చుకునేవి.

"పిళ్లారి గీతం పెట్టు" అంది. సంగీతంలో పిల్లలకి మొదట నేర్పే పాట. మలహరి రాగం, రూపక తాళం. నోకియా ట్యూన్ల మధ్య ఇది మోగితే ఎక్కడున్నా తెలుస్తుంది, పైగా వినాయకుడిది, పారాయణంలో మోగినా ఎవరూ ఏమనరు అని లాజిక్కు.

మొదటి లైన్, మ ప ద స స రి, రి స ద ప మ ప. నేను మ అంటే 4, ప అంటే 5, ద అంటే 6 అని నొక్కబోతే చెయ్యి పట్టుకుంది. మలహరిలో ద శుద్ధ దైవతం, 6 అయితే చతుశ్రుతి అయిపోతుంది, రాగం పోతుంది, ఒక మెట్టు దిగాలి. దిగడానికి ఫోన్లో బటన్ లేదు. # ఒక్కటే ఉంది, అది పెంచేది. కాబట్టి 6ని తగ్గించలేం, 5ని పెంచాలి. అలాగే రి కూడా శుద్ధ రిషభం, 2 కాదు, 1 కొట్టి #.

ఇక్కడ పెద్ద గొడవైంది. "సా ని పెంచడమేంటిరా, సా కి పా కి పెరగడం తరగడం ఉండదు, అవి అచల స్వరాలు" అని ఆవిడ. సౌండ్ అదే వస్తుంది కదా పెద్దమ్మా అని నేను. "సౌండ్ అదే వచ్చినా పేరు అది కాదు" అని ఆవిడ. పది నిమిషాలు నడిచింది. చివరికి నొక్కి వినిపిస్తే విని, కాసేపు ఆలోచించి, "సరే, వాడికి తెలీక అలా రాసుకున్నాడు, మనం మాత్రం రి అనుకుందాం" అని రాజీకొచ్చింది. తర్వాత ఆవిడే ఇంకొకటి కనిపెట్టింది, 3 మీదా 7 మీదా # పనిచేయట్లేదని. ఫోన్ పాడైందా అంటే, కాదు, ఆ రెండింటికీ # పెట్టనివ్వదు, అక్కడ మధ్యలో ఇంకో మెట్టు లేదు. "అంతర గాంధారం, కాకలి నిషాదం, అవే ఆఖరివి కదా మరి, ఆపైన మ, స వచ్చేస్తాయి" అంది. పర్లేదు వీడికి కొంచెం తెలుసు అన్నట్టు తలూపింది కూడా.

సరే, మధ్యస్థాయి అంటే 2లోనే మొదలెట్టాలని పట్టుబట్టింది కాబట్టి మొదటి లైన్ ఇలా వచ్చింది, ఎవరికైనా 3310 ఉంటే కొట్టుకోవచ్చు:

4* 5 5# 1* 1 1# 1# 1 5#** 5 4 5

నక్షత్రం ఒకసారి కొడితే తర్వాతి స్వరాలు కూడా అదే స్థాయిలో వస్తాయి, ప్రతిసారీ కొట్టక్కర్లేదు. # మాత్రం అలా కాదు, కావాల్సిన ప్రతి స్వరానికీ విడిగా కొట్టాల్సిందే. తారస్థాయి స్వరాలు బజర్లో బాగా కీచుగా వస్తాయి, 1లో మొదలెడదామా అని అడిగా, సంచిలో టవలు కింద ఉన్నా వినపడాలి కదా ఉండనీ అంది.

రెండో లైన్‌లో స్థాయి గొడవ లేదు, రి మ ప ద మ ప, ద ప మ గ రి స:

1# 4 5 5# 4 5 5# 5 4 3 1# 1

మూడోది స రి మ, మ ని సాగదీయాలి, తర్వాత గ రి, స రి గ రి స, మళ్లీ ఆ స సాగాలి. నేను ఆ సాగే చోట 0 కొట్టా, 0 అంటే ఖాళీ, చప్పుడు లేకుండా ఆగుతుంది. ప్లే చేస్తే తొడ మీద తాళం వేస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అక్కడ ఆగమని ఎవరు చెప్పారు, మధ్యమం సాగాలి, అది కార్వ, మౌనం కాదు." అప్పుడు 0 తీసేసి 9 నొక్కా, 9 నొక్కితే స్వరం నిడివి పెరుగుతుంది, 8 నొక్కితే తగ్గుతుంది. ఇందులో కూడా ఒక మెలిక ఉంది, 9 కొట్టి పొడుగు చేస్తే దాని తర్వాత కొట్టే స్వరం కూడా పొడుగే వస్తుంది, దానికి 8 కొట్టి మామూలుకి తెచ్చుకోవాలి. కాబట్టి:

1 1# 49 38 1# 1 1# 3 1# 19

(49 అంటే నలభై తొమ్మిది కాదు, 4 నొక్కి 9 నొక్కడం. మా హాస్టల్ నోట్‌బుక్‌లో కూడా ఇలాగే రాసి ఉండేది, ఇప్పుడు అర్థమవుతోంది.)

మూడు లైన్లూ కలిపి 34 స్వరాలు. సరిగ్గా ఇక్కడ నేను గర్వంగా ఫోన్ ఎత్తి మా ఆవిడకి చూపిస్తున్నా, చెయ్యి జారింది, అరుగు మీంచి కింద పడింది. 3310కి ఏమవుతుంది, ఏమీ కాలేదు, అరుగుకే చిన్న గీత పడింది. కానీ వెనక డొప్ప ఊడి, ఆ పేరు లేని బ్యాటరీ ఎగిరి తులసికోట దగ్గర పడింది. సేవ్ చేయలేదు. మళ్లీ ఆన్ చేస్తే కంపోజర్ ఖాళీ. పెద్దమ్మ ఏమీ అనలేదు, లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చింది, "మొదట్నించీ మళ్లీ పాడదాం పద" అంది. రెండోసారి పావుగంటలో అయిపోయింది, ఆవిడ స్వరం పాడుతుంటే నేను నొక్కడం. లైన్‌కొకసారి సేవ్ కొట్టుకోండి, ఆప్షన్స్‌లోనే ఉంటుంది. నాకు చెప్పినవాళ్లు లేరు. బ్యాటరీకి మందపాటి కాగితం ముక్క మడిచి పెట్టా, ఇప్పుడు కదలట్లేదు.

50కి ఇంకా 16 మిగిలాయి. మొదటి లైన్ మళ్లీ పెట్టమంది, పన్నెండు, మొత్తం 46. మళ్లీ పెట్టేటప్పుడు మొదటి 4కి ముందు సాగిన స ఉంది కాబట్టి 48 కొట్టి నిడివి తగ్గించా, స్థాయి ఎలాగూ మధ్యస్థాయిలోనే ఉంది, నక్షత్రం అక్కర్లేదు. చివర్లో ఒక 0 పెట్టా, ఎందుకంటే రింగ్ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చేటప్పుడు ఊపిరి పీల్చుకోకుండా అంటుకుపోతోంది. ఈ ఖాళీకి మాత్రం ఆవిడ పర్మిషన్ ఇచ్చింది. 47.

ఇక వేగం. ఆప్షన్స్‌లో టెంపో అని ఉంటుంది, నిమిషానికి ఎన్ని పావు నోట్లు అని లెక్క. ఆవిడ ఒకటో కాలంలో నిదానంగా పోవాలంది, 63 పెట్టా. చాలా బాగుంది వినడానికి, గుడిలో ఉన్నట్టే ఉంది, కానీ నా ఫోన్ నుంచి రింగ్ ఇచ్చి చూస్తే మూడో లైన్ మధ్యలోనే కట్ అయిపోయింది. లెక్కేస్తే అర్థమైంది, సాగే రెండు స్వరాలూ డబల్ కాబట్టి మొత్తం 49 దెబ్బలు, 63లో అది 46 సెకన్లు పైన పడుతుంది. ఎవరూ ఎత్తకపోతే మొబైల్ మోగేది 30 సెకన్లే అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో రూల్ పెట్టింది. 125 పెడితే 24 సెకన్ల లోపే అయిపోతోంది గానీ ఆవిడకి అది పరిగెత్తినట్టుంది, "వినాయకుడు ఎలక మీద కాదు, బైకు మీద పోతున్నట్టుంది" అంది. మధ్యలో 100 ఉంది, దాంట్లో 29 సెకన్లు చిల్లర. సరిగ్గా సరిపోయింది, ఇది నేను ప్లాన్ చేసి తెచ్చింది కాదు, కానీ క్రెడిట్ నేనే తీసుకున్నా.

సేవ్ చేసేటప్పుడు పేరు అడుగుతుంది. మలహరి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, టోన్స్‌లో దాన్నే రింగింగ్ టోన్‌గా పెట్టి, పొద్దున్నే రైలెక్కేశా.

ఆ రాత్రి హైదరాబాద్‌లో దిగానో లేదో ఫోన్. చేరావా అని అడగలేదు. "రెండో లైన్లో రెండో ద తప్పురా, ప పలుకుతోంది" అంది. మ ప ద మ ప ద అని రావాల్సింది, మ ప ద మ ప ప అని వస్తోందంట. అంటే అక్కడ 5 కొట్టి # మర్చిపోయా. పక్కనే కూర్చుని మేమిద్దరం పదిసార్లు విన్నాం, అప్పుడు పట్టుకోలేదు. పారాయణంలో మోగితే అక్కడ ఒకావిడ, ఆవిడ కూడా చిన్నప్పుడు నేర్చుకుందంట, "మీ గీతంలో దైవతం మింగేశారు" అందంట. పెద్దమ్మకి పరువు పోయినంత పనైంది.

ఇక్కడ్నించి ఎలా సరిచేయాలి. మాట్లాడుతూ ఉండగా ఆ ఫోన్లోనే చేయమనలేం. స్మార్ట్‌ఫోన్‌కి వీడియో కాల్ చేశా, ఆవిడ దాన్ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టి, 3310 చేతిలో పట్టుకుని, కంపోజర్‌లోకి వెళ్లి, కింది బాణంతో ఒక్కో స్వరం జరుపుకుంటూ, ప్రతి స్వరం దగ్గరా పేరు పైకి చెప్పుకుంటూ వెళ్లింది. నాకు వీడియోలో కనపడేది సీలింగ్ ఫ్యానూ ఆవిడ నుదురూ. "మ, ప, ద, మ, ప... ఇదిగో దొరికాడు." టక్‌మని # చప్పుడు. ప్లే. ముప్ఫై సెకన్లు ఇద్దరం మాట్లాడకుండా విన్నాం. తర్వాత సేవ్ ఎలాగో నేను చెప్పేలోపే చేసేసింది.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలిపోయింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా "విన్నావా, బాగుందా" అంటుంది. రింగ్‌టోన్ నీకే వినపడుతుంది పెద్దమ్మా, చేసినవాడికి ట్రింగ్ ట్రింగే అంటే నమ్మదు. చేసినవాళ్లకి కూడా వినపడాలంటే అది కాలర్ ట్యూన్, కంపెనీ వాళ్లు పెట్టాలి, నెలనెలా డబ్బులు అంటే, "అక్కర్లేదులే, వాళ్లకేం తెలుసు మలహరి" అంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశా, ఫోన్ పక్కన ఒక చిన్న పాకెట్ నోట్‌బుక్. పాలవాడి లెక్కలు రాసే పుస్తకమే, వెనక పేజీల్లో ఎడమ పక్క స్వరాలు, కుడి పక్క అంకెలు, నక్షత్రాలు, హ్యాష్‌లు, గుండ్రటి చేతిరాతలో. మోహన గీతం ఒకటి పూర్తయింది, దాని పక్కన "తేలిక" అని రాసుకుంది. కింద కల్యాణి అని హెడ్డింగు పెట్టి రెండు లైన్లు రాసి ఆపేసింది. ఇదేం ఆపేశావు అని అడిగా.

"ప్రతి మధ్యమానికీ ఆ నిచ్చెన గుర్తు నొక్కాలి కదరా, బొటనవేలు లాగేస్తోంది. నువ్వు నొక్కు, నేను పాడతా, కూర్చో" అంది.